మూడో ఆదివారం తీసుకెళ్ళిన పెద్దాయన

ముసలివాళ్ళకి మందులివ్వడం కూడా ఒకరి దగ్గర నేర్చుకోవాలా అని నవ్వినవాళ్ళలో నేను ముందువరసలో ఉన్నాను. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో బెజవాడలో మాలాంటి మామూలు డాక్టర్ల కోసం ఒక చిన్న కోర్సు పెట్టారు. నెలకో ఆదివారం చొప్పున ఆరు నెలలు. వృద్ధుల వైద్యం ప్రత్యేకంగా చదవకపోయినా రోజూ వాళ్ళని చూడక తప్పని డాక్టర్లు ఎవరైనా చేరొచ్చు. పరీక్ష లేదు. చివర్లో సర్టిఫికెట్ ఇస్తారు. ఆ చివరి ముక్క చదివి పేరిచ్చాను.

అసలు కారణం చెప్పాలంటే అది కూడా కాదు. మా క్లినిక్కి నాలుగు గుమ్మాల అవతల ఇంకో డాక్టరు తన బోర్డు మీద "వృద్ధులకు ప్రత్యేక వైద్యము" అని కొత్తగా రాయించాడు. ఆ పాఠం ఆయన ఎక్కడా చదవలేదని నాకు తెలుసు. ఒళ్ళు మండిపోయింది. నేను నిజంగానే సర్టిఫికెట్ తెచ్చి, ఫ్రేము కట్టించి, వచ్చినవాళ్ళ కంటికి ఎదురుగా తగిలించాలనుకున్నాను.

"ఇంకేం, రేపట్నించి కొండపల్లి ముసలాళ్ళంతా మీకేసి పరిగెత్తుకొస్తారు," అంది మా ఆవిడ.

"పరిగెత్తలేకే కదా వచ్చేది," అన్నాను. అప్పట్లో నాకు అన్నీ హాస్యంగానే ఉండేవి.

మా కాపురం బెజవాడలో, ప్రాక్టీసు కొండపల్లిలో. పామర్రు అవతల పల్లెలో వరి పండించుకునే ఇంట్లో పుట్టి, ఆ ఇంట్లో మొదటి డాక్టరునయ్యాను. ఊరికెళ్తే అరుగు మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడేవారు. ఒకసారి వాళ్ళతోపాటు మా నాన్న కూడా లేచి నిలబడి, నేనేనని గుర్తొచ్చి నవ్వుతూ కూర్చున్నారు. ఇలా పదిహేనేళ్ళు గడిచాక మనిషికి ఏమవుతుంది? తాను పొరబడగలడన్న సంగతే మర్చిపోతాడు. నేను మర్చిపోయాను. నా మాటకి ఎదురు చెప్పేది మా ఆవిడ ఒక్కతే, ఆవిడ డాక్టరు కాదు కాబట్టి అది లెక్కలోకి రాదనుకునేవాణ్ణి.

సాయంత్రమైతే క్లినిక్ కిటకిటలాడేది. థర్మల్ స్టేషన్లో పనిచేసేవాళ్ళు, వాళ్ళ పిల్లలు, చెక్కబొమ్మలు చేసే ఇళ్ళవాళ్ళు, చుట్టుపక్కల పల్లెల జనం. అంతమందిని చూడాలంటే ఒక పద్ధతి కావాలి. ముసలివాళ్ళు వస్తే వాళ్ళతో మాట్లాడేవాణ్ణి కాదు. వాళ్ళు చెప్పడం మొదలుపెడితే పుట్టిన దగ్గర్నించి చెబుతారని నా నమ్మకం. వెంట వచ్చిన కొడుకునో కోడల్నో చూసి, "ఏంటయ్యా, ఎలా ఉంది మీ నాన్నకి?" అని అడిగేవాణ్ణి. ఒంటరిగా వస్తే ఇంకా తేలిక. నాడి పట్టుకుని, బీపీ చూసి, "అంతా బాగానే ఉంది, అవే వాడండి," అనేవాణ్ణి. చీటీ మీద కూడా అదే రాసేవాణ్ణి. అవే వాడండి. ఏవి? ఎన్నాళ్ళు? ఆ గొడవ మందుల షాపువాడిది, పేషెంటుది. నాది కాదు.

కోర్సు ఒక కల్యాణమండపం పైఅంతస్తులో ఉన్న హాల్లో జరిగేది. కింద పెళ్ళి ఉన్న రోజు మేళం చప్పుడుకి మాకు పాఠం సగమే వినబడేది. మేం ఓ పాతికమందిమి. పాఠం చెప్పేది అరవై దాటిన ఒక డాక్టరమ్మ. మొదటి ఆదివారమే ఒక పొట్టి స్టూలు తెప్పించుకుంది. పేషెంటు కుర్చీలో కూర్చుంటే, ఆవిడ ఆ స్టూలు మీద, ఆయన మొహంకన్నా కిందకి కూర్చునేది. మాలో ఒకరు అలవాటుకొద్దీ పేషెంటు కొడుకుని అడగబోతే, "జబ్బు కొడుక్కా డాక్టరుగారూ?" అంది. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. నన్నే అడిగినట్టు చెవులు మాత్రం వేడెక్కాయి.

రెండో ఆదివారం పాఠం అయి వెళ్ళేటప్పుడు ఆవిడ మాకు పని పెట్టింది. తలా ఒక ముసలి పేషెంటుని తీసుకురావాలి. వచ్చేటప్పుడు ఇంట్లో ఉన్న మందులన్నీ, పాతవీ కొత్తవీ, డాక్టరిచ్చినవీ ఇవ్వనివీ, ఒక సంచిలో వేసుకు రమ్మనాలి. మూడో ఆదివారం మొదటి వంతు నేనే అడిగి తీసుకున్నాను. ఎందుకంటే నా దగ్గర మంచి పేషెంటున్నాడు.

డెబ్భై దాటిన బొమ్మల పనివాడాయన. వాళ్ళ ఇంట్లో చెక్క చెక్కడం కొడుకు పని, రంగులు ఇంట్లో అందరూ వేస్తారు. బొమ్మకి కళ్ళు దిద్దడం మాత్రం ఆయన ఒక్కడి పని. సన్న కుంచెతో ఒక్క ఊపులో కనుబొమ్మ, ఇంకో చుక్కతో కనుపాప. రెండేళ్ళ కిందట ఆయన కుడిచెయ్యి వణకడం మొదలుపెట్టింది. నడక చిన్న చిన్న అడుగులైంది, మొహంలో కదలిక తగ్గింది. నేను చూడగానే పట్టేశాను, వణుకు జబ్బని. బెజవాడలో పెద్ద డాక్టర్ల దగ్గరికి పంపకుండా నేనే కనిపెట్టి మందు మొదలుపెట్టినందుకు లోలోపల ఎంత పొంగిపోయానో చెప్పలేను. మందుతో వణుకు కొంత తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చింది. ఈలోగా విరేచనం బిగుసుకుపోయింది, దానికో మందు. ఒంటేలు ఆగిపోతోందన్నాడు, దానికో మందు. అప్పుడప్పుడు మాట మధ్యలో తికమకపడుతున్నాడని కొడుకు అన్నాడు. వయసయ్యా, అన్నాను.

ఆ ఆదివారం నేను కల్యాణమండపం మెట్ల దగ్గర నిలబడి ఎదురుచూశాను. తండ్రీకొడుకులు బస్సు దిగి వచ్చారు. పెద్దాయన ఉతికిన పంచె, ఇస్త్రీ చొక్కా వేసుకుని, చంకలో గుడ్డసంచి పెట్టుకుని పెళ్ళికొచ్చినట్టు వచ్చారు. మెట్లెక్కుతుంటే కుడిచెయ్యి వణికిపోతోంది. వణుకు ఇవాళ బాగా కనబడుతోందని నాకు సంతోషం వేసింది. రాయడానికే సిగ్గుగా ఉంది, కానీ వేసింది. 

హాల్లో ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, పక్కన నిలబడి, ఆయన తలమీదుగా పది నిమిషాలు ఇంగ్లీషులో ఉపన్యాసం ఇచ్చాను. జబ్బు లక్షణాలు, నేను పట్టిన తీరు, ఇస్తున్న మందు. ఆయనకి ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ తన గురించి ఏదో గొప్పగా చెబుతున్నాననుకుని కాబోలు, చేతులు ఒళ్ళో పెట్టుకుని బుద్ధిగా విన్నారు.

డాక్టరమ్మ స్టూలు లాక్కుని ఆయన ముందు కూర్చుంది. ముందు బొమ్మల గురించి అడిగింది. కళ్ళు దిద్దుతానని చెబితే, "మరిప్పుడు?" అంది. "ఇప్పుడెక్కడండీ, మావాడు కుంచె ముట్టుకోనివ్వడు. బొమ్మ పాడవుద్దని," అన్నారాయన. ఆవిడ తల ఊపి, సంచి తీసుకుని బల్లమీద గుమ్మరించింది. ఒక్కొక్క మందూ పట్టుకుని చూపించి అడిగింది.

"ఇది దేనికి అన్నయ్యగారూ?"

"వణుక్కండి. మా డాక్టరుగారిచ్చారు. ఆ సీసా విరేచనానికి. ఆ పచ్చది ఒంటేలుకి."

"మరి ఈ చిన్నది?"

"అది తల తిరుగుడికండి."

"ఎన్నాళ్ళనించి వేసుకుంటున్నారు?"

"మూడేళ్ళు దాటిందండి. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఒక్కపూట కూడా మానలేదు."

ఆవిడ ఆ బిళ్ళని అరచేతిలో పెట్టుకుంది. "వణుకు మొదలై ఎన్నాళ్ళయింది?" అంది.

"రెండేళ్ళండి."

నాకు అప్పుడు అర్థమైంది. ఆ బిళ్ళ తలతిరుగుడికి నాలుగు రోజులు వాడేది. ముసలివాళ్ళు ఏళ్ళ తరబడి మింగితే చేతులు వణుకుతాయి, ఒళ్ళు బిగుసుకుపోతుంది, అచ్చం వణుకు జబ్బులాగే ఉంటుంది. కాలేజీలో ఎప్పుడో చదివాను. చదివి పరీక్షలో రాసి మర్చిపోయాను. ఆయన మొదటిసారి వచ్చిన సాయంత్రం కూడా గుర్తొచ్చింది. అప్పుడు కొడుకు రాలేదు, తనే నడిచొచ్చారు. వంచిన తల ఎత్తితే గిర్రున తిరుగుతోందండీ అన్నారు. పదిహేను రోజులకి రాసిచ్చాను. ఆ తర్వాత నెలనెలా వస్తే, నెలనెలా చెప్పాను, అవే వాడండి అని. ఆయన వాడారు. చెప్పినమాట విన్నారు, అంతే. నేను ఇచ్చిన జబ్బుకి నేనే పేరు పెట్టి, దానికి మందిచ్చి, ఆ మందు తెచ్చిన బాధలకి ఇంకో రెండు మందులిచ్చి, ఆయన్ని పాతికమంది ముందు ప్రదర్శనకి పెట్టాను.

"ఈ బిళ్ళ రాసింది ఎవరు అన్నయ్యగారూ?" అనడిగింది డాక్టరమ్మ.

పెద్దాయన నావైపు చూశారు. నా మొహంలో ఏం కనబడిందో నాకు తెలీదు. మా వైపు మందు వికటిస్తే "నాకు పడలేదండి" అంటారు, తప్పంతా తమ ఒంటిదే అన్నట్టు. నలుగురిలో డాక్టరుని తప్పుపట్టడం మా జనానికి చేతకాదు. ఆయన నన్ను అలా చూసి, మళ్ళీ ఆవిడవైపు తిరిగారు.

"ఎవరూ రాయలేదమ్మా. నేనే కొట్లో అడిగి కొనుక్కున్నా."

అంటూనే ఎడంచేత్తో బల్లమీది ఖాళీ సంచి తీసుకుని, మడిచి, తొడకింద పెట్టుకున్నారు. దాని లోపలి జేబులో నా చీటీలుంటాయి. ఆయన ఒక్క చీటీ పారేసేవారు కాదు, ప్రతిసారీ అన్నీ తెచ్చి నా ముందు పెట్టేవారు. నేనే చూసేవాణ్ణి కాదు.

"ఏంటి నాన్నా ఇది!" అన్నాడు కొడుకు. హాల్లో నవ్వులు మొదలయ్యాయి. "మన జనం ఇంతేనండీ, షాపువాడే వీళ్ళకి ఎండీ," అన్నాడొకాయన. డాక్టరమ్మ నవ్వలేదు. ఆ బిళ్ళ ఏం చేస్తుందో, అది తెచ్చిన వణుకుని జబ్బనుకుని ఇంకో మందిస్తే ఏమవుతుందో ఓపిగ్గా వివరించింది. ఈ డాక్టరుగారు ముందే సంచి తెమ్మని ఉంటే దొరికేదని, అయినా తనకి తెలియని బిళ్ళకి ఈ డాక్టరుని తప్పుపట్టలేమని అంది. "అందరికీ పనికొచ్చే పేషెంటుని తీసుకొచ్చారు. థాంక్స్ అండి," అంది నాతో. చప్పట్లు కొట్టారు.

రాసింది నేనే. రెండు మాటలు. నోరు తెరిస్తే అయిపోయేది. అక్కడున్నవాళ్ళందరూ నాలాంటివాళ్ళే, ప్రతివాడూ "అవే వాడండి" బాపతే. నన్ను ఉరితీసేవాళ్ళెవరూ లేరు. కింద ఎవరిదో పెళ్ళి, తాళి కడుతున్నట్టున్నారు, గట్టిమేళం మోగుతోంది. ఆ చప్పుడు ఆగాక చెబుదామనుకున్నాను. ఆగింది. నేను చెప్పలేదు.

ఇంతటితో ఆగినా ఏదోలా బతికేవాణ్ణి. మెట్లు దిగుతుంటే కొడుకు నా పక్కన చేరాడు. "మీ పరువు తీసేశాడండి మా నాన్న. ఏమనుకోకండి," అన్నాడు. అతని కళ్ళలో నీళ్ళున్నాయి. పెద్దాయన రెండు మెట్లు వెనకాల గోడ పట్టుకుని దిగుతున్నారు. నేను ఆగి, వెనక్కి తిరిగి, ఏమన్నానో తెలుసా?

"సొంతవైద్యం ఎంత ప్రమాదమో చూశారుగా పెద్దాయనా. ఇకముందు నన్నడక్కుండా ఏ బిళ్ళా వేసుకోవద్దు."

కొడుకు అక్కడ నిలబడి ఉన్నాడు కదా, ఏదో ఒకటి అనాలి కదా అని అన్నాను. ఈ మాట నా నోట్లోంచే వచ్చిందని ఇన్నేళ్ళకీ నమ్మబుద్ధి కాదు. ఆయన ఒక్క క్షణం ఆగి, "అలాగేనండి," అన్నారు.

డాక్టరమ్మ చెప్పినట్టే తలతిరుగుడు బిళ్ళ ఆపేశాం, వణుకు బిళ్ళ మెల్లగా తగ్గించుకుంటూ వచ్చాం. నెల తిరిగేసరికి ఒంటేలు సాఫీ అయింది, తికమక పోయింది. రెండో నెలకి అడుగు పెద్దదైంది. మూడో నెలకి చెయ్యి దాదాపు నిలిచింది. ప్రతి నెలా కొడుకే తీసుకొచ్చేవాడు. ఇప్పుడు నేను స్టూలు మీద కూర్చుని పెద్దాయన్నే అడిగేవాణ్ణి, నేర్చుకున్నాను కదా! ఆయన ముక్తసరిగా జవాబు చెప్పేవారు. మిగతాదంతా కొడుకు చెప్పేవాడు.

"బీరువాకి తాళం వేశానండి మందులన్నిటికీ. బజారుకి ఒంటరిగా పంపడం మానేశా. మందుల షాపుల్లో అందరికీ చెప్పొచ్చా, ఈయనొచ్చి ఏమడిగినా ఇవ్వద్దని. ఎంత తల వంపులో చూడండి."

"చెయ్యి బాగుంది కదా, మరి కళ్ళు దిద్దుతున్నారా?" అన్నాను.

"ఆయన చేతికి ఏదిచ్చినా భయమేనండి. చెప్పినమాట వినే మనిషైతే ఈ గతి పట్టేదా? కూర్చోమన్నా ఓ మూల."

పెద్దాయన పక్కనే ఉన్నారు. వేళ్ళు చాచి చూపించమంటే చాచారు. నిలకడగా ఉన్నాయి. ఆ చేతులకి ఇక జబ్బులేదు. కానీ ఆయన ఇంట్లో వాటిని ఎవరూ నమ్మరు. ఆయన మాట కూడా నమ్మరు. పొద్దున్నే బజారుకెళ్ళి నలుగురితో టీ తాగొచ్చే అలవాటు పోయింది, కుంచె పోయింది. నా పరువు కోసం చెప్పిన ఒక్క అబద్ధానికి ఆయన ఇంట్లో తన మాటే పోగొట్టుకున్నారు. ఆ కొడుకుతో ఆ క్షణంలో చెప్పొచ్చు. బయట ఇంకా ముప్ఫైమంది ఉన్నారని చెప్పలేదు. నాకెప్పుడూ ఏదో ఒక కారణం దొరికేది.

ఆ రోజు ఇంటికెళ్ళి మా ఆవిడతో చెప్పాను. అన్నం వడ్డిస్తూ విన్నది. విని, గరిటె గిన్నెలో పెట్టేసింది.

"ఆయన మీ పరువు కాపాడితే, మీరు ఆయన్నే తిట్టొచ్చారా?"

"తిట్టలేదు. జాగ్రత్త చెప్పాను."

"నా దగ్గరా మీ డాక్టరు మాటలు? వెళ్ళి చెప్పండి. వాళ్ళింటికే వెళ్ళి చెప్పండి."

వెళ్తానన్నాను. ఆరో ఆదివారం అయ్యాక వెళ్దామనుకున్నాను. ఆ రోజు ప్రతి డాక్టరూ లేచి తన పేషెంటు ఇప్పుడెలా ఉన్నాడో చెప్పాలి. అక్కడ చెప్పేసి, తర్వాత ఇంటికెళ్ళి చెబుదామని మనసులో వాక్యాలు కూడా అల్లుకున్నాను. నా వంతు వచ్చింది. లేచాను. వణుకు పోయిందన్నాను. నడక బాగుపడిందన్నాను. చప్పట్లు. డాక్టరమ్మ ఒక్క ప్రశ్న అడిగింది.

"ఇంట్లో ఎలా ఉన్నారు ఆయన?"

"బాగానే ఉన్నారండి," అని కూర్చున్నాను. అరగంటలో సర్టిఫికెట్ చేతికొచ్చింది.

కొన్నేళ్ళకి ఆ కోర్సు తర్వాతి బ్యాచులవాళ్ళకి ఈ సంగతి నేనే చెప్పానని నన్నెరిగినవాళ్ళు అంటారు. నిజమే, చెప్పాను. అప్పటికి ఆ పెద్దాయన లేరు. అప్పుడు చెబితే నాకు పోయేదేమీ లేదు సరికదా, ఎంత నిజాయితీ అని గౌరవం పెరిగింది. దాన్ని చెప్పడమంటారా?

ఆరో ఆదివారం తర్వాతి ఆదివారం కొండపల్లి వెళ్ళాను. వాళ్ళ ఇంటి ముందు రేకుల పంచలో పని జరుగుతోంది. చెక్కపొట్టు, చింతగింజల జిగురు, రంగుల వాసన. కొడుకు గబగబా లేచి కుర్చీ తుడిచాడు. పెద్దాయన గోడకానుకుని చాపమీద ఉన్నారు. ఆయన ముందు ఏ పనీ లేదు. కళ్ళు పెట్టని బొమ్మలు వరసగా ఆరుతున్నాయి, కొడుకు పక్కన సన్న కుంచె ఉంది. అప్పటికి దిద్దిన రెండు మూడు బొమ్మల చూపు ఒకవైపు ఈడ్చినట్టుంది. అది నాబోటివాడికి కూడా తెలుస్తోంది.

నేను కూర్చోలేదు. "నీకొక సంగతి చెప్పాలయ్యా. ఆ తలతిరుగుడు బిళ్ళ మీ నాన్న కొనుక్కున్నది కాదు. రాసింది నేను. మూడేళ్ళు వాడమంది నేను. తప్పు నాది," అన్నాను. ఇన్నాళ్ళూ రాని మాటలు ఒక్క ఊపిరిలో వచ్చేశాయి. ఒంట్లోంచి బరువు దిగినట్టయింది కూడా.

కొడుకు నా మొహం చూశాడు, తండ్రి మొహం చూశాడు. పెద్దాయన తాపీగా, "నువ్వు నన్ను కోప్పడకుండా ఉండాలని డాక్టరుగారు అలా అంటున్నార్రా," అన్నారు.

"కాదు! నిజంగానే నేను రాశాను. చీటీలున్నాయి, చూపించండి పెద్దాయనా."

"చీటీలెక్కడివండీ. ఎప్పుడో పొయ్యిలో వేశాం."

కొడుకు మొహం మెత్తబడింది. నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "మీరెంత మంచోరండీ. ఈయన చేసిన పనికి మీరు తప్పు మీదేసుకోవడానికి ఇంతదూరం వచ్చారా?" అన్నాడు. మళ్ళీ చెప్పాను. మూడోసారి చెప్పాను. చెప్పినకొద్దీ అతని కళ్ళలో నా మీద భక్తి పెరిగిపోతోంది. ఖర్మ! లోపలికి కేకేసి కాఫీ తెప్పించాడు. తాగక తప్పలేదు.

లేచి వస్తుంటే, "నేను బస్సు దాకా వస్తా," అని పెద్దాయన చెప్పులేసుకున్నారు. కొడుకు తటపటాయించి, "డాక్టరుగారితో అయితే సరే," అన్నాడు. 

ఇద్దరం నడిచి రోడ్డెక్కాం. బస్టాపులో ఎవరూ లేరు. ఆగలేకపోయాను. "ఎందుకలా చేశారు? మీకోసమే కదా వచ్చింది," అన్నాను. గొంతులో కోపం వినబడింది, నాకు సిగ్గేసింది.

"ఇప్పుడు మీ మాట నిజమంటే, ఆ రోజు అంతమందిలో నేను అబద్ధమాడినట్టు కదండీ. బిళ్ళలు మింగిన మొండోణ్ణని ఎట్టాగూ అంటున్నాడు. అబద్ధాలకోరుననీ అంటాడు," అన్నారు. రోడ్డుకేసి చూస్తూ ఆగారు. "పైగా నిజమని నమ్మితే మావాడు నన్ను మీ గడప తొక్కనివ్వడు. ఈ వయసులో ఇంకో డాక్టరుని ఎక్కడ వెతుక్కోను?"

"మరి నేనేం చెయ్యాలి?"

"ఇప్పుడేం చేస్తారండీ. ఆ రోజు మీ వంక చూశాను. నేను అన్నది కాదని మీరొక మాటంటారేమోనని చూశా. కిందికొచ్చేటప్పుడన్నా అంటారనుకున్నా." నేను తలెత్తలేదు. ఆయన గొంతులో కోపం లేదు, అదే భరించలేకపోయాను. "మావాడి ముందు చెప్పడం తేలికండి. వాడు ఎదురుగా మిమ్మల్నేమంటాడు, కాళ్ళకి దణ్ణం పెడతాడు. చెప్పాల్సింది అక్కడండి, మీవాళ్ళ ముందర. మీరు అక్కడికెళ్ళింది నేర్చుకోడానిక్కదా. బళ్ళో తప్పు ఒప్పుకుంటే కొడతారేంటి?"

బెజవాడ బస్సు వచ్చి ఆగింది. దణ్ణం పెట్టి ఎక్కబోయాను. ఆయన కదలకుండా నిలబడ్డారు.

"నన్ను ఇంటి దగ్గర దిగబెట్టాలండి. ఒంటరిగా రావద్దన్నాడు మావాడు," అన్నారు.

బస్సు వెళ్ళిపోయింది. వచ్చిన దారినే వెనక్కి నడిచాం. ఆయన నాకంటే చురుగ్గా నడిచారు. మధ్యలో టీ కొట్టు దగ్గర ఎవరో పలకరిస్తే చెయ్యెత్తారు, ఆగలేదు. కొడుకు గుమ్మంలోకి ఎదురొచ్చి తండ్రి మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఇబ్బందేం పెట్టలేదు కదండీ?" అని నన్నడిగాడు.

"లేదయ్యా," అన్నాను.

"చూశావా నాన్నా, నీకోసం డాక్టరుగారు బస్సు కూడా వదులుకున్నారు."

పెద్దాయన చెప్పులు విడిచి, పంచలోకెళ్ళి, గోడ దగ్గర చాపమీద కూర్చున్నారు.